మాల్టు సారం, ధాన్యం, నూకలతో హాప్స్ ఏల్ సూత్రీకరణ: దిగువ కృష్ణా డెల్టా పరిస్థితులకు అన్వయం

ఉపోద్ఘాతం

కృష్ణా డెల్టా ప్రజలకు పులియబెట్టిన పానీయం అనగానే తాటికల్లు గుర్తుకు వస్తుంది. తాటి గెల నుండి కారే నీరాలో చక్కెర సిద్ధంగానే ఉంటుంది. కుండలో సున్నం పూయకపోతే గాలిలోని, కుండలోని ఈస్టు కొద్ది గంటలలోనే దానిని కల్లుగా మారుస్తుంది. ధాన్యం సంగతి వేరు. వరి, బార్లీ, రాగి గింజలలో ఉన్నది చక్కెర కాదు, పిండిపదార్థం. ఈస్టు పిండిని తినలేదు. ముందుగా పిండిని చక్కెరగా విడగొట్టాలి, తరువాతనే కిణ్వనం సాధ్యమవుతుంది. ఈ ఒక్క తేడా వలననే కల్లు చెట్టు మీదనే తయారవుతుంది, బీరుకు మాత్రం లెక్క, ఉష్ణమాపకం, హైడ్రోమీటరు అవసరమవుతాయి.

పిండిని విడగొట్టే శక్తి మొలకెత్తిన గింజలో ఉంటుంది. రాగులను నానబెట్టి, మొలక కట్టి, ఆరబెట్టి, దోరగా వేయించి పట్టించిన పిండితో జావ కాస్తే, అది మామూలు రాగి జావ కన్నా పలుచగా ఉండటం గృహిణులు ఎరిగినదే. మొలకలో పుట్టిన అమైలేజ్ ఎంజైములు పిండిని విడగొట్టడమే దానికి కారణం. బార్లీని ఇదే విధంగా మొలకెత్తించి ఎండబెట్టినది మాల్టు. మాల్టు నుండి తీసిన తీపి ద్రవాన్ని చిక్కబరచి పాకంగాగాని, పొడిగాగాని మార్చినది మాల్టు సారం.

హాప్స్ అధికంగా వాడే లేత రంగు ఏల్‌కు భారతదేశంతో చారిత్రక సంబంధం ఉంది. 1611లో ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఏర్పడిన మచిలీపట్నం, కోరమాండల్ తీరంలో ఆంగ్లేయుల తొలి స్థావరాలలో ఒకటి. 18వ శతాబ్దం చివరి నాటికి లండన్ నుండి భారతదేశ రేవులకు నౌకలలో లేత ఏల్ ఎగుమతి అయ్యేది. నెలల తరబడి సాగే వేడి సముద్రయానంలో పులిసిపోకుండా ఆ పీపాలలో హాప్స్ ఎక్కువగా వేసేవారు. అదే తరువాతి కాలంలో ఇండియా పేల్ ఏల్ అనే పేరు పొందింది. వేడి ప్రాంతానికి తట్టుకొనేలా రూపొందిన ఆ పానీయాన్ని వేడి ప్రాంతంలోనే తయారు చేయవలసి వస్తే ఎదురయ్యే సమస్యలు ఏమిటి, వాటిని లెక్కతో ఎలా అధిగమించవచ్చు అన్నదే ఈ పాఠ్య వ్యాసం విషయం.

చట్ట పరిధి

ఆంధ్రప్రదేశ్ ఆబ్కారీ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడం నేరం. ఇంటి వాడకానికి కొద్ది పరిమాణంలో చేసినా ఇది వర్తిస్తుంది. అమెరికాలో 1978లో చేసిన ఫెడరల్ చట్టం గృహ స్థాయిలో స్వంత వాడకానికి బీరు తయారీని పన్ను నుండి మినహాయించింది. ఆ దేశంలో స్థిరపడిన తెలుగువారిలో ఈ అభిరుచి గలవారికి అక్కడి రాష్ట్ర నిబంధనలు వర్తిస్తాయి. కనుక ఈ వ్యాసంలోని సూత్రీకరణ ఆహార సాంకేతిక విద్యార్థులకు, అనుమతి పొందిన చిన్న తయారీ కేంద్రాలకు, చట్టం అనుమతించే దేశాలలోని వారికి ఉద్దేశించినది. పులిసిన ద్రవాన్ని బట్టీ పెట్టడం ఏ పరిస్థితిలోనూ ఈ పాఠంలో భాగం కాదు.

ముడి పదార్థాలు, వాటి స్వభావం

మాల్టు సారం: లేత రంగు పొడి సారం ఒక కిలో, ఒక లీటరు నీటి లెక్కన సుమారు 365 గురుత్వ పాయింట్లను ఇస్తుంది. పాకం రూపంలో ఉన్న సారంలో నీరు ఉన్నందున సుమారు 300 పాయింట్లు మాత్రమే లభిస్తాయి. పొడి సారం తేమను వేగంగా పీల్చుకుంటుంది. మచిలీపట్నం వంటి తీర ప్రాంతపు గాలిలో సంచి విప్పి ఉంచితే కొద్దిసేపటికే గట్టి గడ్డ అవుతుంది. అందువలన గాలి చొరని డబ్బాలో నిల్వ చేసి, తూచిన వెంటనే వాడాలి.

క్రిస్టల్ మాల్టు: తడి గింజలోనే పిండిని చక్కెరగా మార్చి, ఆపై వేయించిన మాల్టు ఇది. దీనికి ఎంజైముల అవసరం లేదు. వేడి నీటిలో నానబెడితే చాలు, రంగు, పాకపు రుచి, నోటికి చిక్కదనం ఇస్తుంది. నానబెట్టినప్పుడు కిలోకు సుమారు 150 పాయింట్లు లభిస్తాయి.

లేత మాల్టు: ఎంజైములు సజీవంగా ఉన్న మూల ధాన్యం ఇది. తన పిండినే గాక, పక్కన వేసిన నూకల పిండిని కూడా ఇది విడగొడుతుంది. పూర్తి సామర్థ్యం కిలోకు సుమారు 300 పాయింట్లు.

నూకలు: గుడివాడ పరిసరాల మిల్లులలో బియ్యం ఆడించినప్పుడు వచ్చే నూకలు డెల్టాకు సులభంగా దొరికే పిండి వనరు. దేశంలో బీరు తయారీ పరిశ్రమ కూడా బియ్యాన్ని అనుబంధ ధాన్యంగా వాడుతోంది. పూర్తి సామర్థ్యం కిలోకు సుమారు 310 పాయింట్లు. బియ్యపు పిండి పూర్తిగా ఉడికే ఉష్ణోగ్రత సాధారణంగా మాల్టు ఎంజైములు పనిచేసే 65–67 డిగ్రీల సెల్సియస్ కన్నా ఎక్కువ. కనుక నూకలను విడిగా మెత్తని జావగా ఉడికించిన తరువాతనే మాల్టుతో కలపాలి. ఈ పనిలో గంజి వార్చకూడదు. గంజిలో పోయేది పిండే.

హాప్స్: ఒక తీగ మొక్క ఆడ పూల గుత్తులు. వీటిలోని ఆల్ఫా ఆమ్లాలు మరిగే నీటిలో రూపాంతరం చెంది చేదును ఇస్తాయి. సువాసన నూనెలు మాత్రం మరిగితే ఆవిరైపోతాయి. హాప్స్ చేదు లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాను అణచివేస్తుంది, నాటి నౌకలలో ఏల్‌ను కాపాడినది ఈ గుణమే. మన దేశంలో హాప్స్ సాగు హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో జరుగుతుంది. వేసవిలో చాలా పొడవైన పగళ్లు, చలికాలంలో నిద్రావస్థకు తగిన చలి ఈ తీగకు అవసరం. సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న మచిలీపట్నంలో అతి పొడవైన పగలు 13 గంటలకు మించి పెద్దగా ఉండదు. కనుక డెల్టాలో హాప్స్ సాగు లాభసాటి ఆలోచన కాదు, కొనుగోలు చేయవలసిందే.

గురుత్వ గణన

సూత్రీకరణ ఎప్పుడూ లక్ష్యం నుండి వెనుకకు సాగాలి. ఇక్కడ లక్ష్యం 20 లీటర్ల ఏల్, ఆరంభ గురుత్వం 1.055. దశాంశం తరువాతి 55ను పాయింట్లుగా తీసుకుంటే, మొత్తం అవసరం 20 × 55 = 1100 పాయింట్లు. చిన్న పాత్రలో ధాన్యం ఉడికించినప్పుడు సామర్థ్యం 70 శాతంగా తీసుకోవడం క్షేమం.

పట్టిక 1. 20 లీటర్లకు ధాన్యం, సారం లెక్క
లేత మాల్టు 0.8 కిలో × 300 × 0.70 = 168 పాయింట్లు
నూకలు 0.4 కిలో × 310 × 0.70 = 87 పాయింట్లు
క్రిస్టల్ మాల్టు (మధ్యస్థ రంగు) 0.3 కిలో × 150 = 45 పాయింట్లు
పొడి మాల్టు సారం 2.2 కిలో × 365 = 803 పాయింట్లు
మొత్తం 1103 పాయింట్లు. 20 లీటర్లకు 55. ఆరంభ గురుత్వం 1.055

ధాన్యాల నుండి వచ్చినది 300 పాయింట్లు. మిగిలిన 800 పాయింట్లను 365తో భాగిస్తే సుమారు 2.2 కిలోల సారం కావాలి. పాకపు సారం వాడేవారు 300తో భాగించి సుమారు 2.7 కిలోలు తీసుకోవాలి. నూకలు మానివేసినట్లయితే ఆ 87 పాయింట్లకు బదులుగా 0.24 కిలోల పొడి సారం అదనంగా వేయాలి. అంటే 400 గ్రాముల నూకలు సుమారు 240 గ్రాముల ఖరీదైన సారాన్ని ఆదా చేస్తాయి.

అట్లని నూకలను ఇష్టం వచ్చినట్లు పెంచరాదు. బియ్యంలో ఎంజైములు లేవు, ఈస్టుకు పోషకమైన అమైనో నత్రజని కూడా చాలా తక్కువ. లేత మాల్టు కన్నా నూకల బరువు పెరిగితే పిండి పూర్తిగా విడవక పానీయం మసకగా మిగులుతుంది, ఈస్టు నీరసించి కిణ్వనం మధ్యలో ఆగిపోవచ్చు. పై లెక్కలో మాల్టుకు నూకలు 2:1 నిష్పత్తిలో ఉండటానికి కారణం ఇదే.

చివరి ఘనపరిమాణం ఈ లెక్కకు ప్రాణం. అవే 1103 పాయింట్లు 22 లీటర్లలో కరిగితే గురుత్వం 1.050కి పడిపోతుంది, 18 లీటర్లకు మరిగిపోతే 1.061కి చేరుతుంది. కనుక పాత్రలో 20 లీటర్ల గుర్తును ముందుగానే గీయాలి. ఈస్టు చక్కెరలో 75 శాతం వినియోగిస్తుందనుకుంటే అంతిమ గురుత్వం సుమారు 1.014. రెండింటి తేడాను 131.25తో గుణిస్తే ఆల్కహాలు సుమారు 5.4 శాతం వస్తుంది.

చేదు గణన

చేదును అంతర్జాతీయ చేదు ప్రమాణాలలో కొలుస్తారు. ఒక ప్రమాణం అంటే లీటరులో సుమారు ఒక మిల్లీగ్రాము రూపాంతరం చెందిన ఆల్ఫా ఆమ్లం. వేసిన ఆల్ఫా ఆమ్లం అంతా చేదుగా మారదు. టిన్సెత్ సూత్రం ప్రకారం 1.055 గురుత్వంలో 60 నిమిషాలు మరిగితే సుమారు 22 శాతం, 10 నిమిషాలకు 8 శాతం, 5 నిమిషాలకు 4.4 శాతం వినియోగమవుతుంది.

పట్టిక 2. 20 లీటర్లకు హాప్స్ లెక్క
60 నిమిషాలు: 10 శాతం ఆల్ఫా గల చేదు రకం 20 గ్రాములు. లీటరుకు 100 మి.గ్రా. × 0.22 = 22
చివరి 10 నిమిషాలు: 6 శాతం ఆల్ఫా గల కాస్కేడ్ 50 గ్రాములు. లీటరుకు 150 మి.గ్రా. × 0.08 = 12
చివరి 5 నిమిషాలు: కాస్కేడ్ 45 గ్రాములు. లీటరుకు 135 మి.గ్రా. × 0.044 = 6
మొత్తం 40 ప్రమాణాలు
కిణ్వనం ముగిశాక చల్లగా, మరగబెట్టకుండా: కాస్కేడ్ 60 గ్రాములు, 3 రోజులు (సువాసనకు మాత్రమే)

చేదు 40ని గురుత్వ పాయింట్లు 55తో భాగిస్తే 0.73 వస్తుంది. ఈ నిష్పత్తి 0.5 దగ్గర ఉంటే తీపి, చేదు సమానంగా అనిపిస్తాయి. 0.7 దాటితే చేదు ముందుకు వస్తుంది. హాప్స్ ప్రధానమైన ఏల్‌కు ఇదే తగినది.

డెల్టా వేడిలో గది ఉష్ణోగ్రత వద్ద నిల్వ ఉన్న హాప్స్ ఆల్ఫా ఆమ్లాన్ని త్వరగా కోల్పోతాయి. 10 శాతం ఉన్నది 8 శాతానికి తగ్గిందని తేలితే, అదే 22 ప్రమాణాలకు 20 గ్రాములకు బదులు 25 గ్రాములు వేయాలి. అంతకన్నా గాలి తీసిన సంచిలో శీతలీకరించి ఉంచడమే మేలు. పాత హాప్స్‌కు జున్ను వాసన వస్తుంది. అటువంటివి సువాసన కోసం పనికిరావు.

నీటి నాణ్యత

ఈ సూత్రీకరణలో దిగువ డెల్టాకు ప్రత్యేకమైన చిక్కు నీటిది. కృతివెన్ను నుండి నాగాయలంక, కోడూరు వరకు తీర గ్రామాలలో భూగర్భ జలం చాలాచోట్ల ఉప్పన. మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం లవణీయతను తట్టుకొనే ఎం.సి.ఎం. శ్రేణి వరి రకాలను రూపొందించడం వెనుక ఉన్న సమస్య కూడా ఇదే. వరి మొక్కను ఉప్పుకు అలవాటు చేయవచ్చును గాని, హాప్స్ రుచిని అలవాటు చేయలేము. సోడియం, సల్ఫేటు రెండూ ఎక్కువైన నీటిలో చేదు గరుకుగా, నాలుకను పట్టుకొనేలా మారుతుంది.

నీటి విద్యుత్ వాహకత మీటరుకు 1 డెసిసీమెన్ ఉంటే లీటరులో సుమారు 640 మి.గ్రా. లవణాలు ఉన్నట్లు. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం కరిగిన లవణాలకు వాంఛనీయ పరిమితి లీటరుకు 500 మి.గ్రా. పొలానికి బోరు నీరు పరీక్షించే సాధారణ మీటరే ఇక్కడ కూడా సరిపోతుంది. ఈ పరిమితి దాటిన నీటిని వాడరాదు. కాలువ నీరు లవణాలలో తేలికైనా బురద, సూక్ష్మజీవులు ఉంటాయి. క్లోరిన్ కలిపిన కుళాయి నీరు మాల్టులోని ఫినాల్ పదార్థాలతో కలిసి మందుల వాసన తెస్తుంది.

సులభ మార్గం రివర్స్ ఆస్మాసిస్ నీరు. మాల్టు సారంలో, అది తయారైన చోటి నీటి లవణాలు ఇప్పటికే ఉంటాయి కనుక, సారం ప్రధానమైన ఈ పద్ధతికి ఖనిజాలు తీసిన నీరు నిరభ్యంతరంగా సరిపోతుంది. చేదు స్పష్టంగా నిలవడానికి 25 లీటర్ల నీటికి 5 గ్రాముల ఆహార శ్రేణి జిప్సం కలిపితే లీటరుకు సుమారు 47 మి.గ్రా. కాల్షియం, 112 మి.గ్రా. సల్ఫేటు చేరతాయి. చౌడు నేలకు చల్లే జిప్సం ఇందుకు వాడకూడదు.

తయారీ క్రమం

1. నూకలను 2 లీటర్ల నీటిలో మెత్తని జావగా ఉడికించాలి.

2. నలగగొట్టిన లేత మాల్టు, క్రిస్టల్ మాల్టును పలుచని గుడ్డ సంచిలో కట్టాలి. గింజను పగులగొట్టాలి గాని పిండి చేయకూడదు. జావకు తగినంత నీరు చేర్చి మొత్తం నీటిని సుమారు 4.5 లీటర్లు చేసి, వేడి తగ్గిన తరువాత సంచిని ముంచి, 66 డిగ్రీల వద్ద 60 నిమిషాలు ఉంచాలి. మరిగే జావలో మాల్టును వేస్తే ఎంజైములు నశిస్తాయి.

3. గంట తరువాత ఒక చుక్క ద్రవాన్ని తెల్లని పింగాణీ మీద వేసి అయోడిన్ కలపాలి. నీలం లేదా నలుపు రంగు వస్తే పిండి మిగిలి ఉన్నట్లు. మరికొంతసేపు ఉంచాలి.

4. సంచిని ఎత్తి, 75 డిగ్రీల నీరు 2 లీటర్లు పోసి కడగాలి. సంచిని గట్టిగా పిండరాదు. 77 డిగ్రీలు దాటితే పొట్టు నుండి వగరు దిగుతుంది.

5. నీటిని 24 లీటర్లకు చేర్చి, మంట ఆపి, సారాన్ని చల్లుతూ కలపాలి. మంట మీద వేస్తే అడుగంటుతుంది. మరుగు మొదలైనప్పుడు నురుగు పొంగుతుంది కనుక దగ్గర ఉండి చూసుకోవాలి. పట్టిక 2 ప్రకారం హాప్స్ వేస్తూ 60 నిమిషాలు మరగబెట్టాలి.

6. మరుగు ఆపిన తరువాత ద్రవాన్ని తాకే ప్రతి పరికరం క్రిమిరహితమై ఉండాలి. శుభ్రపరచని గొట్టం ఒక్కటి చాలు, ఇరవై లీటర్లు పులుపెక్కడానికి.

చల్లబరచుట, కిణ్వన ఉష్ణోగ్రత

సాధారణ ఏల్ ఈస్టుకు అనువైన ఉష్ణోగ్రత 18–20 డిగ్రీలు. దిగువ డెల్టాలో వేసవి కుళాయి నీరే 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ నీటితో ఎంతసేపు చల్లబరచినా ద్రవం 30 కన్నా దిగదు. 20 లీటర్ల ద్రవాన్ని 30 నుండి 18 డిగ్రీలకు దించడానికి తొలగించవలసిన వేడి సుమారు 1000 కిలోజౌళ్లు. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు తీసుకుంటుంది. సిద్ధాంతరీత్యా 3 కిలోలు చాలు, నష్టాలతో 5–6 కిలోలు అవసరం. గిలకలదిండి రేవులో చేపలకు వాడే మంచు పాత్ర వెలుపల తొట్టిలో మాత్రమే వేయాలి, ద్రవంలోకి పడనీయరాదు.

తడి గోనె చుట్టి గాలికి ఉంచే పద్ధతి రాయలసీమ పొడిగాలిలో బాగా పనిచేస్తుంది. తీర ప్రాంతపు తేమ గాలిలో నీరు ఆవిరి కావడం మందగించి చల్లదనం స్వల్పంగానే ఉంటుంది. పైగా కిణ్వనం తానే వేడిని పుట్టిస్తుంది. లోపలి ద్రవం గది కన్నా 2–4 డిగ్రీలు ఎక్కువగా ఉండవచ్చు. 30 డిగ్రీల గదిలో సాధారణ ఏల్ ఈస్టు వేస్తే ఘాటైన ద్రావకపు వాసన, తలనొప్పి కలిగించే భారీ ఆల్కహాళ్లు పెరుగుతాయి. కనుక రెండే మార్గాలు: ఉష్ణ నియంత్రిక అమర్చిన ఫ్రిజ్, లేదా వేడికి అలవాటైన ఈస్టు. నార్వే పల్లెలలో తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన క్వైక్ ఈస్టు 30 డిగ్రీలు దాటిన వేడిలోనూ శుభ్రమైన రుచిని ఇస్తుంది. ఫ్రిజ్ లేని చోట డెల్టాకు తగిన ఎంపిక ఇది. సాధారణ పొడి ఈస్టు మోతాదు లీటరుకు 0.5–0.8 గ్రాములు, 20 లీటర్లకు 10–16 గ్రాములు.

కొలతలో పొరపాట్లు, భద్రత

20 డిగ్రీలకు అమర్చిన హైడ్రోమీటరును 30 డిగ్రీల ద్రవంలో ముంచితే 2–3 పాయింట్లు తక్కువ చూపుతుంది. ఆ మేరకు కలుపుకోవాలి. ఈ సవరణ మరచినవారు అంతిమ గురుత్వం చేరిందని భ్రమపడి ముందుగానే సీసాలకు ఎత్తే ప్రమాదం ఉంది. మూడు రోజులు వరుసగా ఒకే అంకె వచ్చిన తరువాతనే కిణ్వనం ముగిసినట్లు.

సీసాలో బుడగల కోసం లీటరుకు 6 గ్రాముల చొప్పున 120 గ్రాముల పంచదారను నీటిలో మరిగించి కలపాలి. కిణ్వనం ముగియని ఏల్‌కు పంచదార తోడైతే, వేసవి గదిలో పీడనం పెరిగి సీసా పగులుతుంది. గాజు ముక్కల వలన కలిగే గాయం తీవ్రంగా ఉంటుంది. మందపాటి గోధుమ రంగు సీసాలే వాడాలి. తెల్ల, ఆకుపచ్చ సీసాలలో వెలుతురు సోకితే హాప్స్ చేదు పదార్థం విడిపోయి దుర్వాసన పుడుతుంది.

ముగింపు

ఈ సూత్రీకరణలో బార్లీ, హాప్స్ బయటి ప్రాంతాలవి. నూకలు మాత్రమే డెల్టావి. అయినా ఫలితాన్ని నిర్ణయించేవి డెల్టా నీరు, డెల్టా వేడి. లక్ష్యం నుండి వెనుకకు లెక్క కట్టడం, నీటిని కొలిచి వాడటం, పిండికి, ఎంజైముకు, ఈస్టుకు వేర్వేరు ఉష్ణోగ్రతలు ఉంటాయని గుర్తించడం ఈ పాఠంలోని మూడు ముఖ్యాంశాలు. అవి మద్యానికి మాత్రమే పరిమితం కావు. రాగి మాల్టు, మాల్టు సిరప్, మాల్టు వెనిగర్ తయారీకి కూడా ఇదే గణన వర్తిస్తుంది. గుడివాడ మిల్లుల నూకలకు విలువ చేర్చదలచిన ఆహార శుద్ధి యూనిట్లు తొలి రెండు దశల వరకు, అనగా నూకల జావను మాల్టుతో తీపి ద్రవంగా మార్చడం వరకు, ఈ పద్ధతిని అనుసరించి మద్యరహిత మాల్టు ఉత్పత్తులను రూపొందించుకోవచ్చు.